బర్రెల వెనక స్పోర్ట్స్ కారు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది మా కంపెనీ నన్ను మేడ్చల్‌లోని పాతకార్ల వర్క్‌షాపుకు సూపర్‌వైజర్‌గా వేసింది. రిటైర్మెంటుకు ముందు అదే నా ఆఖరి పోస్టింగు. అక్కడ హెడ్ మెకానిక్ అంజయ్య. పనిలో మొనగాడు, నోరు తెరిస్తే మాత్రం మిరపకాయే.

ఆ వేసవిలో గౌడవెల్లి నుంచి శ్రావణి అనే అమ్మాయి, వాళ్ల బాపు ముచ్చటపడి కొన్న పాత స్పోర్ట్స్ కారును తెచ్చింది. రెండే సీట్లు, ఒక్క ఇంజనుకు మూడు కార్బురేటర్లు. కార్బురేటరంటే గాలిని, పెట్రోలును కలిపి ఇంజనుకు అందించేది. మూడూ సమానంగా అందించకపోతే ఇంజను దగ్గుతుంది.

అంజయ్య మూడింటినీ విప్పి, కడిగి, కొత్త ప్యాకింగులు వేసి బిగించాడు. వాటిని కలిపే కడ్డీని వదులు చేసి, ఒక్కోదాని మూతి దగ్గర రబ్బరు గొట్టం పెట్టి, రెండో కొసను చెవికి ఆనించుకుని గాలి చప్పుడు విన్నాడు. మూడూ ఒకే తీరుగా బుసకొట్టేదాకా స్క్రూలు తిప్పి, అప్పుడు కడ్డీ బిగించాడు. శామీర్‌పేట రోడ్డు మీద కారు రివ్వున దూసుకుపోయింది. నాకు పట్టరాని సంతోషం. డెలివరీ ఇచ్చేద్దామన్నాను.

శ్రావణి ఒప్పుకోలేదు. "నా పెండ్లి బరాత్‌ల నేనే నడుపుత సార్. బ్యాండు ఎనక మెల్లగ పోవాలె. నడుమల ఆగిందంటే, ఆడిపిల్లకు స్టీరింగెందుకని మా చుట్టాలంత నవ్వుతరు."

అంజయ్య ఎగిరిపడతాడనుకున్నాను. తల గోక్కుని, "గా ముచ్చట ముందుగాల్నే చెప్పొద్దా బిడ్డా? ఉర్కుడు గీ బండికి అల్కటి పని. నడుసుడే కష్టం" అన్నాడు. పరుగు దానికి తేలికే; మెల్లగా పోయేటప్పుడు పెట్రోలు ఎక్కువైతే, నిప్పురవ్వ ఇచ్చే ప్లగ్గులు మసిపట్టి ఇంజను ఆగిపోతుంది. ఆయన మళ్లీ గొట్టం అందుకున్నాడు.

పరీక్షకు మార్గం శ్రావణే చెప్పింది. పొద్దుగూకే వేళ గౌడవెల్లి దారిలో, ఇంటికి మళ్లే బర్రెల వెనక కారు నడిపింది. పక్క సీట్లో అంజయ్య, వెనకాల స్కూటరు మీద నేను. కాపరి మమ్మల్ని చూసి నవ్వాపుకోలేకపోయాడు. మొదటి రోజు ఊరు చేరకముందే కారు ఆగిపోయింది. అంజయ్య ప్లగ్గులు విప్పి మసి చూశాడు, స్క్రూలు కాస్త సవరించాడు. మర్నాడు మళ్లీ బర్రెల వెనకే. అవి కొట్టాల్లోకి చేరేదాకా కారు ఆగకుండా నడిచిన రోజు ఆయన నవ్వడం మొదటిసారి చూశాను.

బరాత్‌కు మమ్మల్నీ పిలిచారు. ప్రతి మలుపులో బ్యాండు ఆగింది, చుట్టాలు ఆడారు. పెళ్లికొడుకును పక్కన కూర్చోబెట్టుకుని శ్రావణి ఓపిగ్గా నడిపింది. అంజయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో స్క్రూడ్రైవరుతో ఇంజను పక్కనే నడిచాడు. దాన్ని బయటికి తీసే అవసరం రాలేదు. శ్రావణినీ, అంజయ్యనూ చూసి నాకు గర్వమేసింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ బండి వచ్చినా, దానికేమైందని కాక, దానితో ఎక్కడికి పోవాలని ముందు అడిగేవాణ్ని.