ఖాళీ ట్యూబుకి వచ్చిన రిపోర్టు

దయ్యాలంటే నాకు నవ్వు. బందరులో పదకొండేళ్ళుగా క్యాజువాలిటీ నర్సుని, శవాల పక్కనే కూర్చుని టిఫిన్ తిన్నదాన్ని. అలాంటి నేను ఆ రోజు ఫోను చూసి వణికిపోయాను. అదీ పట్టపగలు, మధ్యాహ్నం మూడున్నర దాటాక.

మా ఆసుపత్రిలో అప్పటికి కొత్తగా ఒక యాప్ పెట్టారు. ల్యాబ్‌లో రిజల్ట్ రాగానే మా ఫోన్లలో టింగుమంటుంది. కాగితం కోసం పరిగెత్తక్కర్లేదు. నిజం చెప్పాలంటే ప్రాణాలు కాపాడే వస్తువే.

కాకపోతే రక్తం తీయడం ఆలస్యమైతే మేనేజ్‌మెంట్ వాళ్ళు మమ్మల్ని నిలబెట్టి అడిగేవారు. అందుకని మేమంతా ఒక తెలివి నేర్చాం. ముందు యాప్‌లో 'శాంపిల్ తీశాం' అని నొక్కేసి, తర్వాత తీరిగ్గా సూది గుచ్చేవాళ్ళం. తప్పే, ఒప్పుకుంటున్నాను.

ఆ రోజు మొవ్వ నుంచి ఒక రైతుని ఆటోలో తీసుకొచ్చారు. యాభై ఏళ్ళుంటాయి, షుగరు ఉంది. రెండు రోజులుగా వాంతులట. "అమ్మా, కాళ్ళు నావి కానట్టున్నాయి" అన్నాడు. అలవాటు ప్రకారం బటన్ నొక్కేసి నరం కోసం వెతకడం మొదలుపెట్టాను. ఎంతకీ దొరకదే!

అప్పుడు ఫోను టింగుమంది.

ఆయన పేరు, ఆయన వయసు, ఆయన నంబరు. పొటాషియం 7.4. అంత ఉంటే గుండె ఏ క్షణమైనా ఆగిపోవచ్చు. ట్రేలో ట్యూబు ఖాళీగా ఉంది. చేత్తో ఎత్తి మరీ చూశాను, ఒక్క చుక్క లేదు.

ల్యాబ్‌కి ఫోన్ చేసి ఆ అంకె చెప్పాను. టెక్నీషియన్ కరీముల్లా నవ్వాడు. "ఎండ దెబ్బ తగిలిందా అక్కా? మెషీన్ కడుగుతున్నా. గంట నుంచి ఒక్క శాంపిలూ పెట్టలేదు."

డాక్టరమ్మకి చూపిస్తే, తీయని రక్తానికి ఎందుకు నొక్కావని అడుగుతుంది. ఉద్యోగం పోతుంది. ఫోను జేబులో వేసుకున్నాను. ఎలాగోలా రక్తం తీసి ల్యాబ్‌కి పంపాను. ఇంతలో ఆయన మాట ముద్దగా రావడం మొదలైంది. వాళ్ళావిడ నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, ఏమైనా చెయ్యండి" అంది.

ఇక ఆగలేకపోయాను. ఫోను తీసుకెళ్ళి డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ ఆ అంకెని, అది ఫోన్‌కి వచ్చిన టైముని కేస్ షీట్‌లో రాసుకుని, "ఇంతసేపూ ఏం చేస్తున్నావు?" అని అరిచింది. ఈసీజీలో గీతలు నిటారుగా లేచి ఉన్నాయి. వెంటనే కాల్షియం ఇంజెక్షన్ ఇచ్చాం. ఇంకో ఐదు నిమిషాలైతే దక్కేవాడు కాదని ఆవిడే చెప్పింది.

నాలుగుంపావుకి కరీముల్లా కాగితం పట్టుకుని స్వయంగా వచ్చాడు. ముఖం పాలిపోయింది. పొటాషియం 7.4.

తర్వాత యాప్ కంపెనీ వాళ్ళు వచ్చి రికార్డు మొత్తం తిరగేశారు. ఆ రోజు ఆ పేషెంటుకి ఒకే ఒక్క రిజల్ట్ వచ్చిందన్నారు, అదీ నాలుగుంపావుకి. నా ఫోన్‌లో కూడా మొదటిది లేదు. కేస్ షీట్‌లో మాత్రం డాక్టరమ్మ చేతిరాతలో 7.4 అని, పక్కన 3.40 అని ఉంది. ఇద్దరం చూశాం. ఇద్దరికీ ఒకేసారి పిచ్చెక్కుతుందా?

ఆయన వారానికి ఇంటికెళ్ళాడు. వెళ్ళేముందు వాళ్ళావిడ నా రెండు చేతులూ కళ్ళకద్దుకుంది. "మీరు ముందే కనిపెట్టారంటగా తల్లీ" అంది. అవునని తలూపాను. అంతకంటే ఏం చెప్పను?

దాన్ని పంపింది ఎవరో, ఎలా పంపారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. నా భయం అది కాదు. ఎవరో నన్ను నమ్మి నాకే చెప్పారు. ఆ మనిషి నా కళ్ళ ముందే చచ్చిపోతుంటే, నేను దాన్ని పది నిమిషాలు జేబులో దాచుకున్నాను.