కాలి కింది మన్ను

ఇప్పుడు హసన్‌పర్తి రోడ్డు మీద పొద్దున్నే టోపీలు పెట్టుకుని సైకిళ్లు తొక్కేవాళ్లను అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోనీ. పంతొమ్మిది వందల ఎనభై దాటిన కొత్తల్లో, ఏ పనీ లేకుండా సైకిలు తొక్కే మనిషంటే పల్లెలు హడలిపోయేవి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

అసలు నాకు అక్షరం చెప్పినవాడే లేడు. వరంగల్లో బట్టల మిల్లులో పని చేస్తూ, చిత్తుకాగితాల దుకాణంలో దొరికిందల్లా కూడబలుక్కుని చదివాను. నెక్కొండ దాకా పోయి తిరిగి రావాలి, అలా రెండుసార్లు, అని ఒక సైకిలు పందెం పెట్టారు. నేను పేరు ఇచ్చాను. ఆ దుకాణంలోనే అట్ట చిరిగిన వ్యాయామ పుస్తకం ఒకటి దొరికింది. రోజూ ఒకే దారి, ఒకే వేళ, నడుమ కాలు కింద పెట్టరాదు అని రాసి ఉంది. అక్షరం తప్పకుండా పాటించాను. మిల్లు పని వల్ల నాకు వీలయ్యే వేళ మిట్టమధ్యాహ్నం.

ఆ నెక్కొండ దారిలో ఒక పల్లె, దాని నడుమ నుంచే రోడ్డు. పల్లె దాటాక ఉన్న కిలోమీటరు రాయిని చుట్టి వెనక్కి మళ్లేవాణ్ణి. మొదటి వారం అరుగు మీది ముసలాయన పలకరించాడు.

“ఏం పిలగా, ఎవలింటికి?”

“ఎవలింటికి లేదు తాతా. గా రాయి దాకా పోయి మర్రుత.”

“రోజూ రాయికేం జెప్పొస్తానవ్?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను, ఆగకుండానే.

రెండో వారం నవ్వులు లేవు. మూడో వారం మనుషులే లేరు. తలుపులన్నీ మూసి ఉండేవి. ఒక వాకిట్లో రోకలి పడి ఉంది, రోట్లో వడ్లు సగమే దంచి ఉన్నాయి. అరుగు మీద చుట్ట ఇంకా పొగ చిమ్ముతోంది. ఆ ఎండలో నా సైకిలు గొలుసు చప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. ఒకరోజు తిరుగు దారిలో చూస్తే, దుమ్ములో నా టైరు గీత అక్కడక్కడా తెగి ఉంది. రాయి దాకా పోయి వచ్చేంతలోనే ఎవరో పిడికిళ్లతో మన్ను ఎత్తుకుపోయారు. మర్నాడూ అంతే.

మూడో నాడు ఒక తల్లి రోడ్డుకు అడ్డం నిలబడింది. భుజం మీద మూడేళ్ల పిల్ల, తల వాల్చేసి ఉంది.

“అన్నా, జర దిగు. ఒక్క అడుగు పెట్టు.”

“ఎందుకు?”

“నీ చూపు తాకింది పిల్లకు. వారం సంది ఒళ్లు కాలుతాంది. టైరు మన్ను దీసి తిప్పిన, తగ్గుతలేదు. కాలి కింది మన్నే గావాలె.”

ఎవరి చూపు తగిలిందనుకుంటే వాళ్ల కాలి కింది మన్ను తీసి, ఉప్పూ మిరపకాయలతో కలిపి, పిల్లకు దిగదుడిచి పొయ్యిలో వేస్తారు. ఆ ఊళ్లో నా కాలు ఒక్కసారి కూడా నేలను తాకలేదు.

“మన్నుతోని జరం తగ్గుతదా చెల్లె? దవాఖానకు తీస్కపో.”

“తీస్కపోయిన. సూదేసిండ్రు. నువ్వు దిగితె నీకేం బోతది?”

దొర గడీ ముందు మా నాయన సైకిలు దిగి, చెప్పులు చేత పట్టుకుని నడిచేవాడు. ఎవరు దిగమన్నా దిగనని నేను చిన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. నాకు కోపం వచ్చింది. మాట్లాడినంత సేపూ ఆమె చుట్టూ సైకిలు తిప్పుతూనే ఉన్నాను. ఆమె కూడా నాతో పాటు తిరుగుతూ పిల్ల ముఖం మీద కొంగు కప్పింది. ఆ కొంగు సందులోంచి పిల్ల నన్నే చూసింది. మూడు చుట్లు తిరిగి వెళ్లిపోయాను.

మర్నాడు దిగుదామనే పోయాను. తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. జనం రోడ్డుకు రెండు వైపులా నిలబడి ఉన్నారు. ఆమె లేదు. సైకిలు దిగి, రెండు పాదాలూ దుమ్ములో గట్టిగా ఆనించి, పక్కకు జరిగాను. ఎవరూ వంగలేదు.

“ఇగెందుకు దిగినవ్ పిలగా?” అన్నాడు ముసలాయన. “పిల్ల పొద్దుగాల్నే పాయె.”

అది జ్వరమే. చూపూ కాదు, మన్నూ కాదు, ఇప్పటికీ అదే అంటాను. కానీ అడిగిన పిడికెడు మన్ను ఇచ్చి, తల్లినీ పిల్లనూ సైకిలు మీద కూర్చోబెట్టుకుని వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోవలసింది. వెనక క్యారియరు లేదు. బరువు తగ్గుతుందని పందెం కోసం నేనే విప్పేశాను.

పందెం నాడు దూరం నుంచే ఆ ఊరి చప్పట్లు వినబడ్డాయి. నా ముందు పోయిన ఇద్దరికీ కొట్టారు. నేను ఊళ్లోకి రాగానే ఆగిపోయాయి. తల్లులు పిల్లల ముఖాలు తమ వైపు తిప్పుకున్నారు. ఊరు దాటేదాకా నా గొలుసు చప్పుడొక్కటే. ఆ తర్వాత నా వెనక వచ్చేవాడి కోసం చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి.