కాగితం మీద బాణామతి

నా చిన్నప్పుడు ఖాజాగూడ గుట్టల మధ్య, ఇప్పుడు అద్దాల మేడలు లేచిన చోట, ఆకాశం వైపు తిరిగిన పెద్ద ఇనుప గిన్నె ఒకటి ఉండేది. నక్షత్రాల నుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే కేంద్రం అది. గుంటూరు నుంచి వచ్చి మా ఇంట్లోనే ఉండే మా మామయ్య అందులో టెక్నీషియన్. ఊరివాళ్లు దాన్ని 'పెద్ద చెవి' అనేవారు. ఎంత గుసగుసలాడినా దానికి వినిపిస్తుందని గొర్రెల బేరగాళ్లు ధర మాట్లాడుకోవడానికి గుట్ట అవతలికి పోయేవారు. అత్తల మీద చాడీలు చెప్పుకునే కోడళ్లు దాని ముందు నోరు మూసుకుని నడిచేవారు. మామయ్య ఈ నమ్మకాలను కాదనేవాడు కాదు. తనవి ఇంకో రెండు కలిపేవాడు.

ఆ కేంద్రం గురించి ఈ చుట్టుపక్కల ఆఫీసు క్యాంటీన్లలో ఒక కథ తిరుగుతోంది. ఎవరో కుట్టు మిషను తిప్పితే ఊరంతా దెయ్యమనుకుందట. అందరూ పడీపడీ నవ్వుతారు. దాన్ని అలా నవ్వొచ్చేలా మలిచి మొదట చెప్పింది నేనే. అందులో వదిలేసినది ఇప్పుడు రాస్తున్నాను.

మా పక్కింటి అక్క భర్త, పసికొడుకు ఒకే వానాకాలంలో జ్వరంతో పోయారు. ఆమె జాకెట్లు కుట్టి బతికేది. కాళ్ల నొప్పులకు తొక్కలేక మిషనుకు చిన్న కరెంటు మోటారు పెట్టించుకుంది. అప్పటి నుంచి ఆమె కుట్టినప్పుడల్లా కేంద్రంలో తరంగాలను బట్టి కాగితం మీద గీత గీసే ముల్లు పిచ్చెక్కినట్టు ఎగిరేది. కారణం కనిపెట్టడం మామయ్యకు కష్టం కాలేదు. నన్ను వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లి, మోటారులో లేచే నీలి రవ్వలు చూపించి, "ఇదిగోరా అల్లుడూ, మన కొత్త నక్షత్రం!" అన్నాడు. ఆ రవ్వల నుంచి పుట్టే తరంగాలనే పెద్ద చెవి పట్టేస్తోంది. వాటిని అణిచే గోరంత కెపాసిటర్ కలిపితే పోయే జబ్బు. అవి ఆయన సొరుగు నిండా ఉన్నాయి.

కానీ ఆయన ఆమెను కుట్టడమే మానమన్నాడు. అది పెళ్లిళ్ల కాలం.

"మీ చుక్కలు యాడికి పోతయ్ సారూ, రేపు గూడ ఉంటయ్. పెండ్లిపిల్ల ఆగుతదా?" అంది అక్క. జాకెట్ల కోసం వచ్చిన ఆడవాళ్లు పకపకా నవ్వారు. ఆ నవ్వు మామయ్యకు గుచ్చుకుంది.

మర్నాడు ఆయన ఊరి పెద్దలను కేంద్రానికి పిలిచాడు. నేనూ ఆయన పక్కనే ఉన్నాను. ముల్లు మెల్లగా పాకుతోంది. కిటికీలోంచి అక్క గుమ్మం కనిపిస్తుంది. ఆమె మిషను ముందు కూర్చోబోతుండగా, "చూడండి, ఇప్పుడు ఆవిడ మొదలెడుతుంది" అన్నాడు. ముల్లు ఎగిరింది. ఆమె లేచింది, ముల్లు పడుకుంది.

"ఏంది సారూ గది?" అన్నాడు ఒక పెద్దాయన.

"మేమైతే అడ్డు అంటామండి. ఆవిడ అడ్డు పడుతోంది. మీరేమంటారో మీకే తెలియాలి."

చేతబడి అన్న మాట ఆయన అనలేదు. వాళ్ల చేత అనిపించాడు. "బాణామతి" అన్నారెవరో వెనక నుంచి.

బాణామతి చేసే మనిషి పళ్లు రాలగొడితే మంత్రం పలకదని అక్కడి నమ్మకం. ఆమెను జుట్టు పట్టుకుని ఆ గదిలోకి ఈడ్చుకొచ్చారు. కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. "మీ పెండ్లాలకు జాకెట్లు కుట్టిన చేతులే గదరా ఇవి! నేనేం జేసిన?" అని తిడుతూనే వచ్చింది.

"నువ్వు కూసున్నప్పుడు గిట్ల లేసింది. లేసినంక గిట్ల పండుకుంది. నువ్వే చూస్కో" అని పెద్దాయన కాగితం చూపించాడు.

చదువు రాని మనిషి ఆ గీతను చాలాసేపు చూసింది. తిట్లు ఆగిపోయాయి. మామయ్య వైపు తిరిగింది.

"సారూ, నాకు తెల్వకుంటనే నా లోపల గిసుంటిది ఉన్నదా? మా ఆయన, నా పిల్లగాడు... నా వల్లనే పోయిన్రా?"

అందరూ మామయ్యను చూశారు. సంగతి ఇంతదూరం వస్తుందని ఆయన అనుకోలేదేమో. అయినా నిజం చెబితే ఊరి ముందు మళ్లీ నవ్వులపాలు కావాలి. "నేను యంత్రాన్ని చూసేవాణ్ణమ్మా, మనుషుల్ని కాదు" అంటూ కాగితం చుట్టేశాడు.

అప్పుడామె నా వైపు చూసింది. రవ్వలు నేను చూశాను. నా భుజం మీద మామయ్య చెయ్యి ఉంది. అది నన్ను నొక్కలేదు కూడా. నేనే మాట్లాడలేదు.

పళ్లు రాలగొట్టడానికి వాళ్లు రాయి ఎత్తినప్పుడు ఆమె చేతులు అడ్డం పెట్టుకోలేదు. తప్పు చేసిన పిల్లలా తనంతట తానే నోరు తెరిచింది.

లింగంపల్లిలో రైలెక్కిందని తర్వాత ఎవరో చెప్పారు. ఎక్కడికి పోయినా, భర్తనూ బిడ్డనూ తానే చంపుకున్నానని నమ్ముతూ బతికి ఉంటుంది. పళ్లు రాలగొట్టింది ఊరివాళ్లు. ఆ నమ్మకాన్ని ఇచ్చి పంపింది మేమిద్దరం. మామయ్య పోయాడు. అది అబద్ధమని ఆమెకు చెప్పగలవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.