లస్మయ్య బెజ్జాల సర్వే

లస్మయ్య అరవై ఎనిమిదేళ్ళ బతుకులో ముంబై నిండా లెక్కలేనన్ని గోడలు కట్టాడు. అంతకంటే ఎక్కువే పగలగొట్టాడు. కామాటిపురా ఏడో గల్లీలో, వరస గదుల మూడంతస్తుల చాల్‌లో, రెండో అంతస్తులో తానుండే ఒంటిగది ఖోలీ గోడకు మాత్రం క్యాలెండరు మేకు కూడా ఎవరినీ కొట్టనివ్వడు. కొట్టాల్సి వస్తే తానే కొడతాడు. పాత గోడల మీద మమకారం గురించి ఒక పేజీ నిట్టూర్చడానికి సిద్ధపడినవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ఆ గోడ మీద ఆయనకు ఏ ప్రేమా లేదు. రేపు ఈ బిల్డింగు కూల్చి, ఇంట్లోనే మరుగుదొడ్డి ఉన్న ఫ్లాటు ఇస్తామంటే మొదటి సుత్తి దెబ్బ ఆయనే వేస్తాడు. ఆయనకు పడనిది పనితనం లేని బెజ్జం. వంటవాడికి మాడిన పోపు ఎలాంటిదో, తాపీ మేస్త్రికి అడ్డదిడ్డంగా కొట్టిన బెజ్జం అలాంటిది.

అందుకే మనవరాలు రుతుజ ఒక శనివారం పొద్దున "తాతా, ఇంటికి ఇంటర్నెట్ లైను పెట్టించాలె" అన్నప్పుడు ఆయన ధర అడగలేదు, స్పీడూ అడగలేదు.

"తీగ యాడికెల్లి వస్తది?"

"గోడలకెల్లే వస్తది గద."

"గోడకు బొక్క ఎవడు గొడ్తడు?"

"కంపెనీ నుంచి ఎవరో వస్తరు. మెషీన్ ఉంటది వాళ్ళ దగ్గర."

"కొట్టడు," అన్నాడు లస్మయ్య, చాయ్ సాసర్‌లో పోసుకుంటూ.

రుతుజకు ఆ లైను సరదాకు కాదు. బీకాం అయ్యాక రెండేళ్ళు ఒక మాల్‌లో కుర్తీల కౌంటరు దగ్గర రోజుకు తొమ్మిది గంటలు నిలబడింది. ఇప్పుడొక బీమా కంపెనీ, ఇంట్లోనే కూర్చుని మరాఠీ కస్టమర్ల ఫోన్లు ఎత్తే ఉద్యోగం ఇస్తామంది. మూడు ఇంటర్వ్యూలు దాటింది. ఇక మిగిలింది ఒక్కటే. గురువారం పదకొండింటికి కంపెనీ మనిషి వీడియోలో ఇల్లు చూస్తాడు. మొబైల్ డేటా పనికిరాదు. తీగతో వచ్చిన లైనే ఉండాలి, స్పీడు ఇరవై అయిదుకు తగ్గకూడదు. లేదంటే జాబితాలో తర్వాతి పేరును పిలుస్తారు. ధైర్యం కాస్త ఎక్కువైన పిల్ల కాబట్టి మాల్ ఉద్యోగం ఒకటో తారీఖునే మానేసింది.

ఏడో గల్లీకి దొరికేవి రెండే లైన్లు. ఒకటి పెద్ద కంపెనీది. స్పీడు బ్రహ్మాండం, బెజ్జం తప్పనిసరి, ఏడాది డబ్బు ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితం. రెండోది శంకర్రావుది. ఫాక్‌లాండ్ రోడ్ మూల మీద బీరువాకంటే కాస్త పెద్ద దుకాణంలో కూర్చుని చాలా ఏళ్ళు కేబుల్ టీవీ నడిపాడు, ఇప్పుడు ఇంటర్నెట్ నడుపుతున్నాడు. ఏ నెలకా నెల కట్టొచ్చు, బెజ్జం అక్కర్లేదు. తీగ మేడల మీది నుంచి వచ్చి వెంటిలేటర్‌లోంచి ఇంట్లోకి దిగుతుంది. సాయంత్రం అందరూ సీరియళ్ళు పెట్టగానే స్పీడు చచ్చిపోతుంది.

లస్మయ్య భార్య రత్నాబాయి ఓటు శంకర్రావుకే.

"కంపెనీ లైను పోతే ఎవరికి మొత్తుకుంటవే? ఫోన్ల ఒక పోరి ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటది. శంకర్రావును గ్యాలరీలకెల్లి ఒక్క కేకేస్తే వస్తడు."

"వస్తడు అవ్వా. వచ్చి, చాయ్ తాగి, రేపు చూస్త అని పోతడు."

"చాయ్ తాగనీకన్న వస్తడు గద. ఆ పోరి దానికి గూడ రాదు."

"ఏడాదికి కడ్తే రెండు నెలలు ఫ్రీ, అవ్వా."

"ఏడాది దంక ఈ బిల్డింగ్ నిలబడ్తదని నీకెవరు రాసిచ్చిన్రు?"

ఈ చాళ్ళు కూల్చి టవర్లు కడతారన్న మాట రుతుజ పుట్టకముందు నుంచే గల్లీల్లో తిరుగుతోంది.

"మాటలు నక్కో, ఇగ చాలు," అన్నాడు లస్మయ్య. "లైను పెట్టించుకున్నోళ్ళ ఇండ్లకు పోయి కండ్లతోని చూద్దాం."

ఆదివారం తాతా మనవరాలూ బయల్దేరారు. ఆమె చేతిలో స్పీడు కొలిచే ఫోను, ఒక నోట్‌బుక్. ఆయన చేతిలో టేపు, టార్చిలైటు, చెవి మీద పెన్సిలు. మొదటి ఇల్లు ఆరో గల్లీలో, పెద్ద కంపెనీ లైను.

"ఎనభై ఏడు," అంది రుతుజ, ముఖం వెలిగిపోతూ.

లస్మయ్య బెజ్జంలో చిటికెన వేలు పెట్టి చూశాడు. "వాలు లోపలికున్నది. వాన పడ్తే నీళ్ళు తీగను పట్టుకొని సీదా స్విచ్ బోర్డులకు దిగుతయి. అప్పుడు నీ ఎనభై ఏడు ఏమైతది?"

ఇంటావిడ ముఖం చిన్నబోయింది. పోయిన జూలైలో బోర్డు కాలిన సంగతి ఆయనకెలా తెలిసిందో ఆమెకు అర్థం కాలేదు.

రెండో ఇల్లు శంకర్రావు కస్టమరుది. స్పీడు ముప్పై నాలుగు. వెంటిలేటర్‌లోంచి ఆరు తీగలు దిగుతున్నాయి. అవి అడ్డుండి దాని తలుపు మూతపడక ఏళ్ళయింది. మధ్యలో పావురం గూడు. "బొక్క లేదు, సరే. గని కిటికీ గూడ లేకుంట పాయె," అన్నాడు లస్మయ్య. రుతుజ అన్నీ రాసుకుంది. మధ్యాహ్నానికి నోట్‌బుక్‌లో పదకొండు ఇళ్ళు చేరాయి. ప్రతి ఇంటికీ ఒక అంకె, ఒక వాలు.

పన్నెండో ఇల్లు తొమ్మిదో గల్లీలో ఎల్లమ్మది. టేపు పట్టుకుని, టార్చి వేసి గోడ మూలలు వెతికే పెద్దమనిషి. పక్కనే అంకెలు రాసుకునే చదువుకున్న పిల్ల. ఈ జంటను చూసి ఇంటర్నెట్ గుర్తుకొచ్చేవాళ్ళు కామాటిపురాలో లేరు. ఇక్కడ అందరూ ఎదురుచూసేది బిల్డింగులు కూల్చి పొయ్యికో ఫ్లాటు రాసే సర్వేవాళ్ళ కోసం. ఎల్లమ్మ ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చి లస్మయ్య ముందు బోర్లించింది. అద్దె రసీదులు, రేషన్ కార్డు, లైట్ బిల్లులు.

"రాసుకో అన్నా. ఇద్దరు కొడుకులు. ఇద్దరు వేరు. పొయ్యిలు గూడ వేరు."

లస్మయ్యకు కనిపిస్తున్నది ఒకే పొయ్యి. "అమ్మా, నేను బొక్క చూడనీకొచ్చిన."

"చూడు. గోడ నిండ బొక్కలే. మీదికెల్లి పెచ్చులు గూడ ఊడుతున్నయి. డేంజర్ అని రాయి."

ఆయన తీగ పక్కన వేలు పెట్టి వాలు చూసి ఇటు తిరిగేసరికి గది నడుమ ఒక చీర తెరలా వేలాడుతోంది. దాని అవతల పక్కింటివాళ్ళ పొయ్యి వచ్చి కూర్చుంది, ఇంకా వెచ్చగానే.

"అవ్వా, మేం ఇంటర్నెట్ కోసం తిరుగుతున్నం," అంది రుతుజ నవ్వాపుకోలేక.

ఎల్లమ్మ గొంతు తగ్గించింది. "నాకెర్కనే బిడ్డా. బయట చెప్పొద్దని మీకు ఆర్డర్ ఉంటది."

వాళ్ళు మెట్ల దగ్గరికి వచ్చేసరికి ప్రతి గుమ్మంలోనూ ఒక ప్లాస్టిక్ సంచి నిలబడి ఉంది.

ఆ రాత్రి లస్మయ్య తీర్పు చెప్పాడు. "లైను శంకర్రావుది. బొక్క నాది." వెంటిలేటర్ తలుపు మూతపడేలా ఉండాలి, తీగ గోడలోంచి రావాలి, ఆ బెజ్జం తానే కొట్టాలి. రుతుజకు ఎనభై ఏడు మీదే మనసుంది. సోమవారం పెద్ద కంపెనీకి ఫోన్ చేస్తే, బిల్డింగు ఓనరు ఉత్తరం తెమ్మన్నారు. ఆ ఓనరును లస్మయ్య తండ్రి కూడా చూడలేదు. దాంతో ఆమె కూడా ముప్పై నాలుగుకు రాజీపడింది.

మంగళవారం ఇద్దరూ శంకర్రావు దుకాణానికి వెళ్ళారు.

"రేపటికల్ల లైను గావాలె శంకర్రావు."

"నీకెందుకు మామా లైను? ఆరు నెలలల్ల మీ బిల్డింగే ఉండదంట గద."

"ఎవడన్నడు?"

"సర్వే నువ్వే జేస్తివంట."

"నేను బొక్కలు చూసిన్రా."

"కూలే బిల్డింగులల్ల అవే చూస్తరు మామా. రోజుకెంత ఇస్తున్రు?"

"శంకర్ అంకుల్, పక్కా చెప్తున్న. సర్వే లేదు, ఏం లేదు," అంది రుతుజ. "ఎల్లుండికి లైను లేకుంటే నా నౌకరి పోతది."

"నీ నౌకరి మీద నాకేం కోపం బిడ్డా? మీ బిల్డింగుకు కొత్త తీగ గుంజాలె, మేడ మీద కొత్త డబ్బా పెట్టాలె. అందరు ఖాళీ జేసి పోయినంక ఆ డబ్బాల పావురాలను పెంచాల్నా?"

రెండు రోజులుగా లస్మయ్య ఎదురైన ప్రతి మనిషికీ తాను సర్వే చేయలేదని చెప్తూనే ఉన్నాడు. చెప్పిన ప్రతిసారీ ఇంకో ఇల్లు నమ్మింది. మేస్త్రి కాబట్టే సర్కారు ఆయనను పెట్టుకుందని ఒకరు, సర్కారు మనిషి కాబట్టే ఒప్పుకోవడం లేదని ఇంకొకరు. మాల్‌లో రుతుజ కౌంటరు దగ్గర అప్పటికే ఇంకో అమ్మాయి నిలబడింది.

ఇంటికి రాగానే రత్నాబాయి అందుకుంది. "బొక్కలల్ల వేలు పెట్టి పెట్టి పిల్ల నౌకరికే బొక్క పెట్టినవు గద అయ్యా."

లస్మయ్య మంచం కింది నుంచి సుత్తి, ఉలి ఉన్న సంచి లాగి దుమ్ము దులిపాడు.

బుధవారం పొద్దున్నే పని మొదలైంది. అడుగున్నర మందం సున్నం గోడ. మెషీన్ పెడితే పాత సున్నం అదిరి ఇటుకలు వదులవుతాయి. ఆయన లోపలి నుంచి చిన్న చిన్న దెబ్బలతో, బయటికి అర అంగుళం వాలేలా తొలుచుకుంటూ పోయాడు. గ్యాలరీలో జనం చేరారు. బెజ్జం అవతలికి తేలాక ప్లాస్టిక్ గొట్టం తొడిగాడు. చుట్టూ తెల్ల సిమెంటు పెట్టి వేలితో నునుపు చేశాడు. అంతటితో ఆగలేదు. గుమ్మం పక్కన ఊడిన పెచ్చులు గీకి, అక్కడ కొత్త పూత వేయడం మొదలుపెట్టాడు.

చూస్తున్నవాళ్ళ ముఖాలు మారాయి. లస్మయ్య సంగతి ఆ చాల్‌లో అందరికీ తెలుసు. మజ్‌గావ్‌లో ఒకసారి, వారంలో కూల్చబోయే గోడకు ఫొటోల కోసం పూత వెయ్యమని కాంట్రాక్టరు అడిగితే, తాపీ బకెట్లో పడేసి ఆ రోజు కూలి కూడా తీసుకోకుండా వచ్చేసిన మనిషి. అలాంటి మనిషి ఈ గోడకు తెల్ల సిమెంటు పెడుతున్నాడు.

మధ్యాహ్నానికి మాట తొమ్మిదో గల్లీ చేరింది. ఎల్లమ్మ రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"అంటే బిల్డింగులు కూలగొట్టరా, మాకు ఫ్లాట్లు రావా అన్నా?"

"నాకేం ఎర్క ఎల్లమ్మా. నేను ముందుగాల్నే చెప్పిన."

"ఎర్క లేకనే ఇంత సోకు జేస్తున్నవా గోడకు? ఆ పక్కింటిదానికి పొయ్యి వాపస్ ఇచ్చి నాలుగు మాటలు పడ్డ నేను."

నాలుగింటికి శంకర్రావు స్వయంగా వచ్చాడు. బెజ్జంలో వేలు పెట్టి చూశాడు, కొత్త పూత మీద గోటితో గీకాడు.

"మామా, దీనికి తెల్ల సిమెంట్ పెట్టినవా?"

"ఇంకేం పెట్టాలె?"

శంకర్రావు ఫోను తీసి, "అరే నవీన్, ఏడో గల్లీకి తీగ చుట్ట పట్టుకొని రా" అన్నాడు. దీపాలు పెట్టే వేళకు తీగ మేడ మీది నుంచి దిగి, గొట్టంలోంచి ఇంట్లోకి వచ్చింది. శంకర్రావు చాయ్ రెండుసార్లు తాగాడు.

గురువారం పదకొండింటికి తెర మీద ఒక మరాఠీ యువకుడు ప్రత్యక్షమయ్యాడు. స్పీడు నలభై ఒకటి. తీగ ఎక్కడి నుంచి వస్తోందో చూపించమన్నాడతను. ఇంకేముంది, లస్మయ్య తెర నిండా వచ్చి, వాలు బయటికి ఎందుకుండాలో, లోపలికుంటే స్విచ్ బోర్డు ఎలా కాలుతుందో మరాఠీలో రెండు నిమిషాలు వివరించాడు. ఆ యువకుడు చెవులకు పెట్టుకున్నది ఒకసారి తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇంట్లో ఎప్పుడూ ఇంత చప్పుడు ఉంటుందా?"

"చప్పుడెక్కడ? నేను మెల్లగానే మాట్లాడుతున్నా," అన్నాడు లస్మయ్య.

అది అబద్ధం కాదు. నాలుగో అంతస్తు పరంజా మీది నుంచి కింద మాలు కలిపేవాళ్ళకు వినపడేలా నలభై ఏళ్ళు అరిచిన గొంతుకు అంతకంటే మెల్లగా మాట్లాడే దారి లేదు. వారం రోజులు ఇంటిల్లిపాదీ స్పీడు కొలిచారు, వాలు కొలిచారు, ఏడాదా నెలా అని వాదించుకున్నారు. ఫోన్లో మాట్లాడే ఉద్యోగానికి నిశ్శబ్దం కావాలన్నది ఒక్కరికీ తట్టలేదు. లైను పాసయిందన్నాడు యువకుడు. సోమవారం నుంచి పనిలో చేరమన్నాడు. పదకొండు నుంచి ఏడు దాకా ఇంకో గొంతు వినపడకూడదన్నాడు. మూడు ఫిర్యాదులొస్తే ఉద్యోగం పోతుంది.

మొదటి ఫిర్యాదు సోమవారమే వచ్చింది, పదకొండు గంటల పది నిమిషాలకు. లస్మయ్య చేసిందల్లా ఉప్పు అడగడం.

మిగిలిన రెండూ రాలేదు. ఇప్పుడు పదకొండుకు ముందే ఆయన చెప్పులేసుకుని బయటికి పోతాడు. రత్నాబాయి సైగలతో వంట చేస్తుంది, సైగలతోనే కూరగాయలు బేరమాడుతుంది. ఏడింటికి రుతుజ గొంతు బొంగురుపోయి, మాట పెగలకుండా ఉంటుంది. అప్పుడే ఇంటికి చేరిన లస్మయ్య ఎనిమిది గంటలు దాచుకున్నదంతా ఒక్కడే మాట్లాడతాడు. మొదటి జీతంతో ఆమె ఆయనకు ఒక మొబైలు కొనిచ్చింది. పగలు ఇంటికి ఫోన్ చేయొద్దని షరతు పెట్టింది.

ఇంటర్నెట్ ఎవరిది పెట్టించుకుంటే మంచిదని గల్లీలో జనం ఇప్పుడు లస్మయ్యనే అడుగుతారు. ఆయన గోడ వైపు చూడడు. "మీ ఇంట్ల గొంతు పెద్దది ఎవరిది?" అంటాడు. నాదే అని ఒప్పుకున్నవాళ్ళకు, నాగ్‌పాడాలో సాయంత్రం దాకా నీడ ఉండే అరుగులు ఎక్కడెక్కడున్నాయో చెప్తాడు.