అక్క నోట్లో రొట్టె ఉండగా

దెయ్యాల కబుర్లు ఎవరైనా ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. తప్పు కనిపించిందని ఎవరన్నా అంటే, మళ్ళీ జరిపించి చూపించమంటాను. చూపించలేకపోతే అది జరగనట్టే లెక్క. ఇప్పటికీ నా పద్ధతి మారలేదు, కోపం మాత్రం పెరిగింది.

మా అక్క నేపర్‌విల్‌లో తన ఇంటి బేస్‌మెంట్‌లో పిల్లలకి కర్ణాటక సంగీతం నేర్పేది. కిందటేడు థైరాయిడ్ ఆపరేషన్‌లో గొంతు నరం దెబ్బతింది. మాట గుసగుసలా వస్తుంది, పాట అసలు రాదు. ఒక్కోసారి ఇలా అవుతుందని డాక్టర్ తేలిగ్గా అనేశాడు. పిల్లల తల్లులు "గెట్ వెల్ సూన్ అక్కా" అని మెసేజ్‌లు పెట్టి, ఆ వారంలోనే పిల్లల్ని ఆన్‌లైన్ క్లాసుల్లో చేర్చేశారు. ఒక్కొక్కరినీ కడిగేద్దామనుకున్నాను, అక్క ఆపింది. మళ్ళీ పాడగలనా అన్న ఒక్క ప్రశ్న తప్ప ఆమెకి ఇంకేదీ పట్టేది కాదు.

మా టీంలో లీనా అని ఒక లెబనాన్ అమ్మాయి ఉంది. తనకి తెలిసిన రెస్టారెంట్‌లో ఆదివారాలు అరబిక్ పాటల సాయంత్రం ఉంటుందని, అక్కని తీసుకురమ్మని అంది. పాట పోయిన మనిషిని పాటకి తీసుకెళ్ళడమేమిటని విసుక్కున్నాను. అక్కే వస్తానంది.

మేం వెళ్ళేసరికి కిటికీల్లో ఇంకా ఎండ ఉంది. హాలు నిండా కుటుంబాలు, బల్లల మీద వేడి రొట్టెలు, పుదీనా టీ. ముందు ఒక వయొలిన్, ఒక చేతి డప్పు, మధ్యలో ఊద్ అనే తీగల వాయిద్యం ఒళ్ళో పెట్టుకుని ఒక పెద్దాయన. పాడేదీ ఆయనే. జనం పాట మధ్యలోనే ఆహా అంటున్నారు, అరుస్తున్నారు, పేరు పెట్టి పిలుస్తున్నారు. మాకు కచేరీ అలవాటు. ఇద్దరం తొడ మీద తాళం వేసుకుంటూ, బుద్ధిగా, చప్పుడు చేయకుండా విన్నాం.

పాట అయ్యాక పెద్దాయన మా బల్ల వైపు చూసి ఏదో అడిగాడు. లీనా ఇబ్బందిగా నవ్వింది. "పాట మీకు నచ్చలేదా అంటున్నారు. ఇక్కడ సైలెంట్‌గా కూర్చుంటే బాగా పాడలేదని అర్థం."

నాకు చర్రుమంది. గౌరవంగా వింటే అదీ తప్పేనా! అక్క మాత్రం లేచి ఆయనకి దణ్ణం పెట్టింది. ఆయన నవ్వి ఇంకో పాట ఎత్తుకున్నాడు.

కాసేపటికి అక్క నా చెవి దగ్గరకి వంగింది. "ఇది మన మాయామాళవగౌళ కదే! పిల్లలకి మొదటి రోజు మొదలుపెట్టే రాగం." ఆమె ముఖంలో ఆ వెలుగు చూసి నెలలైంది.

పాటలో ఆయన ఒక్కో వరసని సగంలో వదిలేస్తాడు, మిగతా సగం జనం అందుకుంటారు. అది అక్కడి పద్ధతి. అలా ఒకసారి వదిలాడు. సరిగ్గా అప్పుడే నేను తుంచి ఇచ్చిన రొట్టెముక్క అక్క నోట్లో పెట్టుకుంది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

మా బల్ల దగ్గర అక్క గొంతు లేచింది. ఒట్టి అకారం. పై షడ్జమానికి ముందు చిన్నగా ఊపిరి పట్టి వదలడం అక్కకి అలవాటు. చిన్నప్పటినుంచీ వింటున్నాను, ఇంకెవరి దగ్గరా వినలేదు. ఆ పట్టు కూడా అలాగే ఉంది. అక్క నోరు మూసే ఉంది. బుగ్గలో రొట్టె ఉంది. కళ్ళు పెద్దవి చేసుకుని నన్నే చూస్తోంది.

హాలంతా ఒక్కసారిగా మెచ్చుకోలుగా "అల్లా!" అంది. పెద్దాయన చెయ్యి గుండెల మీద పెట్టుకుని, మళ్ళీ పాడమని అక్కకి సైగ చేశాడు. చప్పట్లు మోగాయి. అక్క రొట్టె మింగి, లేచి నిలబడి, నోరు తెరిచింది.

గాలి వచ్చింది. తర్వాత దగ్గు. ఇంకోసారి ప్రయత్నించింది, మళ్ళీ అదే, అంతమంది ముందు. పెద్దాయన చటుక్కున ఆ వరస తనే వాయించేసి ఆమెని కూర్చోనిచ్చాడు.

మైకేమో అనుకున్నాను, మా దగ్గర మైక్ లేదు. పక్క బల్లేమో అనుకున్నాను, అక్కడ ఇద్దరు మగవాళ్ళు, వాళ్ళూ మా వైపే చూస్తున్నారు. నా భ్రమ అనుకుందామంటే మర్నాడు లీనా, "మీ అక్క అంత బాగా పాడుతుందని చెప్పలేదేం?" అంది. బావ స్ట్రెస్ అని కొట్టిపారేశాడు. ఆయన అక్కడ లేనేలేడు.

ఆ ఆదివారం తిరిగొస్తూ కారులో అక్క ఏడుస్తుందనుకున్నాను. "పోలేదే. ఎక్కడో ఉంది," అంది ఆ గుసగుస గొంతుతోనే.

డాక్టర్ మీద, ఆ తల్లుల మీద వచ్చిన కోపం దీని ముందు ఏపాటి? ఇప్పుడిప్పుడే మనసు సర్దుకుంటున్న మనిషికి, అక్కడ పాడినదేదో ఆశ పెట్టి పోయింది. ఆమె గొంతు దాని దగ్గర ఉంటే ఆమెకి ఇచ్చెయ్యాలి, లేదంటే నోరు మూసుకుని పడుండాలి. ఎవర్ని తిడుతున్నానో నాకే తెలియదు. ఏది లేదని నమ్ముతానో దాన్నే పట్టుకుని రోజూ తిడుతున్నాను.

మళ్ళీ జరగని తప్పుని ఆఫీస్‌లో 'రీప్రొడ్యూస్ కాలేదు' అని రాసి మూసేస్తాం. మేం ఆదివారం ఆదివారం అక్కడికి వెళ్తూనే ఉన్నాం, ఆ గొంతు మళ్ళీ రాలేదు. అయినా దీన్ని మూయడం నా వల్ల కావడం లేదు. పెద్దాయన ప్రతిసారీ ఆ వరస సగంలో వదిలి, మా బల్ల వైపు చూసి కాసేపు ఆగుతాడు. రొట్టెలు చల్లారిపోతాయి. అక్క ఇప్పుడు అక్కడ ఏమీ తినదు. ఈసారి వస్తే తన నోట్లోంచే రావాలని, నోరు ఖాళీగా పెట్టుకుని కూర్చుంటుంది.