ఎడమచేతి గూడు

మొన్న పొద్దున పార్కు నుంచి వచ్చి చేతిలోని చెప్పులు బయట పెట్టి లోపలికి నడిస్తే, తెల్లటి టైల్స్ మీద నా పాదాలు ఎర్రగా అచ్చుపడ్డాయి. కోడలు తడిబట్ట పట్టుకుని వెనకే వచ్చింది. "అందరు సిమెంటు బాట మీద నడుస్తరు, మీరొక్కరే మట్టిల నడుస్తరెందుకు అత్తమ్మా?" అని అడిగింది. ఆ ఎరుపు ఒక్కసారి తుడిస్తే పోయేది కాదు, అది నాకు ఆమె కన్నా ముందు నుంచి తెలుసు.

ఇప్పుడు పార్కంటున్నారు గాని, నేను జహీరాబాద్‌కు కోడలిగా వచ్చిననాడు అది మొరం గుంత. ఎవరో రోడ్డు కోసం తవ్వి వదిలేసింది. పండుగ ముందు ఇల్లు అలికే రోజుల్లో వాడకట్టు ఆడవాళ్లమంతా చిన్న గడ్డపారలు, తట్టలు పట్టుకుని అందులోకి దిగేవాళ్లం. మొరం గోడలో అక్కడక్కడా మెత్తటి జాజు దొరికేది. జాజంటే గోడ అడుగున, గడప చుట్టూ పూసే ఎర్రమన్ను. మోకాళ్ల మీద కూర్చుని, గోడను తొలుచుకుంటూ చంక దాకా చెయ్యి పోనిచ్చి తీయాలి. అట్లా తొలిచిన గూళ్లు ఎవరివి వాళ్లవే. అడగకుండా పక్కామె గూట్లో చెయ్యి పెడితే ఆ జాజు దీపావళికి ముందే పెచ్చులూడిపోతుందని చెప్పేవాళ్లు. జాజు ఊడడం నేను చూడలేదు. చెయ్యి పెట్టినామె కొప్పు ఊడడం మాత్రం చూశాను.

మా ఆయన అక్కను రాయికోడ్ ఇచ్చారు. బతుకమ్మకు పుట్టింటికి వస్తే సంచి అరుగు మీద పడేసి మొదట గుంతకే పోయేది. ఆమెది ఎడమచేతి వాటం. మా అత్తమ్మ చిన్నప్పటి నుంచి ఆ చేతి మీద కొట్టీ కొట్టీ, నలుగురిలో అన్నిటికీ కుడిచెయ్యే ముందుకు వచ్చేలా చేసింది. గుంతలో మాత్రం అత్తమ్మ ఉండదు గనుక, ఎడమచేతితోనే తవ్వేది. దాంతో మా గూళ్లన్నీ ఒక పక్కకు వంగితే ఆమె గూడు ఇంకో పక్కకు వంగింది. కుడిచేతి వాళ్లు పెడితే మోచేతి దగ్గరే ఇరుక్కునేది. దానికి కాపలా అక్కర్లేకపోయింది.

తర్వాత ఇళ్లకు సిమెంటు వచ్చింది, రంగుల డబ్బాలు వచ్చాయి. గుంతలో ఊరి చెత్తంతా పడింది. ఆ పక్క నుంచి పోవాలంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లం. ఈ మధ్యనే చెత్త ఎత్తించి, గడ్డి వేసి, ఉయ్యాలలు పెట్టారు. పడమటి గోడను కోస్తే పైనున్న బాట జారుతుందని దాన్ని అట్లే వదిలి తీగలు పాకించారు.

షుగర్‌తో మా వదినకు చూపు పోయింది. పోయిన పండుగకు వచ్చినప్పుడు, మళ్లీ రాగలనో లేదో, ఒక్కసారి తన గూడు ముట్టుకుంటానంది. ఆటోలో తీసుకుపోయాను. గేటు దాటగానే నిలబడి వాసన చూసింది.

"ఇది గుంత కాదు. గడ్డి వాసనొస్తుంది. యాడికి తెచ్చినవే పిల్లా?"

డెబ్బై దాటిన నేను ఆమెకు ఇంకా పిల్లనే. "గుంతనే వదినా. పార్కు చేసిన్రు."

"బోర్డున్నదా? సదువు."

మనవలు పుట్టాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చినదాన్ని, ఏ బోర్డునూ వదలను. పూలు కోయరాదు, ఉమ్మరాదు, గడ్డి మీద నడవరాదు, అన్నీ చదివాను.

"గుంత అని రాసి ఉన్నదా?"

"లేదు."

"కండ్లు లేనిదాన్ని, ఏదో ఒకటి ముట్టిచ్చి తోలిద్దామనుకున్నవ్." నా చెయ్యి విదిలించుకుంది.

తిట్టినా పడతాను గాని, నేను మోసం చేశానని అనుకుని ఊరికి పోతే ఎట్లా? చెయ్యి పట్టి పడమటి గోడకు నడిపించి తీగలు పక్కకు జరిపాను. కాపలా అతను దూరం నుంచే, "అమ్మా, చెట్లు ముట్టొద్దు," అన్నాడు. "గోడను ముడుతున్నం, నీ పని చూస్కో," అన్నాను. ఒక్కో గూడే ముట్టించాను. పెట్టడం, కాదనడం, చెయ్యి తీసేయడం. అప్పుడు చూశాను, ఆమె పెడుతున్నది కుడిచెయ్యి.

"వదినా, అత్తమ్మ లేదు ఈడ. ఎడమచెయ్యి పెట్టు."

ముందు తటపటాయించింది. తర్వాత మళ్లీ మొదటి గూటి నుంచి మొదలుపెట్టాం. కొన్నింట్లో మోచేయి తగిలి ఆగింది. చివరికి ఒకదాంట్లో చెయ్యి చంక దాకా దిగిపోయింది. చెంప గోడకు ఆనించి వేళ్లతో లోపల తడిమింది.

"ఇంకున్నదే జాజు," అంది మెల్లగా. "ఎవ్వరు ముట్టలే. జర గీక్కోనా?"

"గీక్కో. బోర్డు మీద గీకరాదని లేదు."

ఆమె నవ్వింది. ఎర్రటి గోళ్లతోనే రాయికోడ్ పోయింది, దారిలో ఎక్కడా చెయ్యి కడుక్కోలేదట. అప్పటి నుంచి నేను ఆ గోడ వెంబడి మట్టిలోనే నడుస్తున్నాను. జాజు పూసిన ఇళ్లు పోయాయి, పూయించిన అత్తమ్మ పోయింది. కాలం అన్నీ తుడిచేస్తుందంటారు గాని, అది కూడా మా కోడలి లాగానే చెయ్యి అందిన మేరకే తుడుస్తుంది.