ఇటుక పరీక్షలో నెగ్గిన టైర్లు

ప్రతి మనిషికీ జీవితంలో ఒక్కసారైనా ముందు గేటు తెరుచుకుంటుందంటారు. మా నాన్నకు తెరుచుకున్న ఆ ఒక్క గేటునూ నాలుగు టైర్లతో మూయించిన ఘనత నాది. నవ్వుకోవడానికే చెబుతున్నాను, నవ్వండి. మధ్యమధ్యలో నేనూ నవ్వుతాను. ఎక్కడ ఆపేశానో మీకే తెలుస్తుంది.

మాది బొంబాయి కామాటిపురాలో ఒక చాల్, అంటే వరండాల వెంట వరసగా ఒంటిగదుల ఇళ్లు. ముత్తాత పాలమూరు నుంచి రాళ్లు మోయడానికి బొంబాయి వచ్చాడు. తాత కూడా మోశాడు. నాన్న మోసి మోసి యెల్లయ్య మేస్త్రీ అయ్యాడు. ఈ ఊళ్లో ఎత్తుగా కనబడే ప్రతి కట్టడమూ మావాళ్లే కట్టారని మా చాల్‌లో పాలు తాగే పిల్లవాడు కూడా చెబుతాడు. వాటిలో ఒక్కదాంట్లోకైనా ముందు గేటు నుంచి వెళ్లారా అని అడిగితే మాత్రం పెద్దవాళ్లు కూడా చాయ్ తెప్పించి మాట మార్చేస్తారు.

నేను రాళ్ల జోలికి పోలేదు. నాగ్‌పాడాలో ఒక డెంటింగ్-పెయింటింగ్ గ్యారేజీలో చేరాను. బండి సొట్టలు తీసి, రంగు కొట్టి, అద్దంలా మెరిపించడం నా పని. పైన ఎలా మెరవాలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. కింద చక్రాల దగ్గర ఏం జరుగుతుందో మాత్రం నాకన్నా తక్కువ తెలిసినవాడు ఎవడూ ఉండడు. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. ఆ వయసులో రెండో సంగతి ఎవడు ఒప్పుకుంటాడు?

అలాంటి రోజుల్లో నాన్నకు ఫోను వచ్చింది. చేసింది ఇంజనీరు దేశ్‌పాండే సాహెబు. లోయర్ పరేల్లో ఒక పెద్ద టవరు కట్టినప్పుడు నాన్న నాలుగేళ్లు ఆయన కిందే పనిచేశాడు. తర్వాత ఆయన అదే టవర్లో ఇల్లు కొనుక్కున్నాడు. ఇప్పుడు కూతురి నిశ్చితార్థం, ఆ టవర్లోనే మూడో అంతస్తు హాల్లో. "మేస్త్రీ, గేటు దగ్గర నీ పేరు రాయించాను. ముందు గేటు నుంచే రావాలి. గాడీలో రా, హాలు దాకా ర్యాంపు ఉంది. నువ్వు వేసిందే కదా" అన్నాడట.

ఈ నాలుగు ముక్కలనూ నాన్న వారం రోజులపాటు చాల్ అంతటికీ పంచిపెట్టాడు. నీళ్ల పంపు దగ్గర ఒకసారి, మంగలి దుకాణంలో ఒకసారి, ఎవరూ అడగకపోతే మా అమ్మకే మళ్లీ ఒకసారి.

"నువ్వేసిన ర్యాంపే గదా అన్నడు. సాబుకు యాదున్నది సూడు."

"ఉంటది తీయి. నాలుగేండ్లు ఎండల ఎండితివి" అనేది అమ్మ.

ఇక్కడ నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథ లేదు.

"నాయినా, గాడి నేను తెస్త" అన్నాను.

"ఎందుకురా, టాక్సీ సాలు."

"టాక్సీల ఎవడైనా పోతడు. నువ్వు మేస్త్రీవి."

మా గ్యారేజీలో ఒక నల్ల విదేశీ కారు పడి ఉండేది. ఆరు సిలిండర్లది. యాక్సిలరేటరు మీద కాలు ఆనించి తీస్తేనే గల్లీలో కుక్కలు లేచి నిలబడేవి. దానికి రంగు కొట్టింది నేనే. దాని యజమాని దుబాయిలో ఉన్నాడు. మా ఉస్తాదు ఉదారంగా, "ఒక్క సాయంత్రం తీసుకుపో. దాని టైర్లు చచ్చిపోయాయి, వేరేవి వేసుకో" అన్నాడు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, మా గది పొడవుకన్నా ఆ కారు పొడవే ఎక్కువ. అయినా నాకు మా చాల్ ముందు ఆ కారు, అందులో ధోవతి కట్టుకున్న నాన్న, ఇవే కళ్లముందు ఆడుతున్నాయి.

టైర్ల కోసం గఫూర్ చాచా దగ్గరికి వెళ్లాను. నాగ్‌పాడాలో పాత టైర్లు అమ్ముతాడు. ఆయన మాట్లాడింది హిందీలో, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

"ఈ సైజులో మంచి సెట్టు రెండు రోజుల్లో వస్తుంది, ఆగు" అన్నాడు.

"ఆ మూలన ఉన్నవి సరిపోతాయి కదా చాచా. గాట్లు ఎంత లోతుగా ఉన్నాయో చూడు."

"తిరిగితే కదా అరగడానికి. ఎవరో షేటు స్పోర్ట్స్ కారుకి వేయించి, ఏళ్ల తరబడి గోదాములో పెట్టాడు. ఇవి విలాయతి ఎండాకాలపు టైర్లు బేటా. కాలిన రోడ్డు మీద వేగంగా పోవడానికి చేసినవి. కొత్తలో జిగురులా పట్టుకుంటాయి. ముసలివైతే రబ్బరు బిగుసుకుపోతుంది, పట్టు పోతుంది. వానలో అయితే అసలే వద్దు."

"వానెక్కడ చాచా? మిరుగం కార్తెకి ఇంకా నాలుగు రోజులుంది."

"మబ్బులకి నీ క్యాలెండరు చదవడం రాదు."

చూశారా, అమ్మేవాడే వద్దంటున్నాడు. ఈ ఊళ్లో అంతకన్నా పెద్ద శకునం ఉండదు. కానీ నా దగ్గర వంశపారంపర్యంగా వచ్చిన విద్య ఒకటి ఉంది. చిన్నప్పుడు నాన్న నన్ను పని దగ్గర ఇటుకల గుట్ట మీద కూర్చోబెట్టి నేర్పాడు. గోటితో గీస్తే గీత పడకూడదు. కొడితే కంచులా మోగాలి. అప్పుడే అది పక్కా సరుకు. మా ఇంట్లో కుండ కొన్నా, కొబ్బరికాయ కొన్నా, పుచ్చకాయ కొన్నా ఇదే పరీక్ష.

ఆ టైరు మీద గోరు పెట్టి గీశాను. గీత పడలేదు, నా గోరు విరిగింది. వేలి కణుపుతో కొట్టాను. నిండుగా, రాతి స్తంభాన్ని కొట్టినట్టు పలికింది. పక్కనే ఇంకేదో బండికి పెట్టిన కొత్త టైరు ఉంటే దాన్నీ గీశాను. బెల్లం ముద్దలో దిగినట్టు గోరు దిగబడింది. ఛీ, కచ్చా సరుకు అనుకున్నాను.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు చాచా.

"గట్టిదనం చూస్తున్నా."

"టైరుకా?"

"దేనికైనా అంతే."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "గట్టిగా ఉందని టైరు కొన్నవాణ్ని నా దుకాణంలో ఇదే చూడటం" అన్నాడు. మంచి సరుకు ఇంకెవరికో దాచిపెట్టుకుని నన్ను మభ్యపెడుతున్నాడని నాకు అర్థమైపోయింది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు టైరు కొని చూడు అనకపోవడం నా ఖర్మ. నాలుగూ అవే వేయించాను. వాటికి నల్ల పాలిషు నాలుగు చేతులు పూశాను. పైన పటారం, లోన లొటారం.

ఆదివారం సాయంత్రం చాల్ అంతా వరండాల్లోకి వచ్చి నిలబడింది. అమ్మ నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టింది. "నువ్వు రావా?" అంటే, "నాకు ఆ లిఫ్టులంటె బుగులు, మీరే పోయి రాండ్రి" అంది. నాన్న ఇస్త్రీ ధోవతి, తెల్ల చొక్కా, భుజాన కొత్త తువ్వాలతో ముందు సీట్లో కూర్చున్నాడు. వీపు ఆనించలేదు. మాసిపోతుందని ఆయన భయం, చొక్కా కాదు, సీటు.

సాత్ రస్తా దగ్గర వాన మొదలైంది. మబ్బులకు నిజంగానే క్యాలెండరు చదవడం రాదు. సిగ్నల్ పడి బండి కదిలించగానే వెనక భాగం ఒక్కసారి పక్కకు జరిగి మళ్లీ దారికొచ్చింది.

"గాడికి పానం మంచిగ లేదా రా?" అన్నాడు నాన్న.

"పవరు ఎక్కువ నాయినా. గట్లనే ఊగుతది."

"పవరుంటె ముంగటికి పోవాలె గని, పక్కకు పోవుడేంది?"

నేను వైపర్ల వేగం పెంచాను.

టవరు గేటు దగ్గర వాచ్‌మన్ గొడుగుతో వచ్చి జాబితా చూశాడు. "యెల్లయ్య మేస్త్రీ" అని చదివి, టిక్కు పెట్టి, సెల్యూట్ కొట్టాడు. నాన్న గబుక్కున రెండు చేతులూ జోడించి అతనికి దండం పెట్టాడు. అడ్డకర్ర పైకి లేచింది. అయ్యా, అదీ ఆ ముందు గేటు. నాన్న కళ్లల్లో నీళ్లు నేను చూశాను. ఏడిపించే పని అక్కడితో ఆపి ఉండాల్సింది.

ఎదురుగా ర్యాంపు. నున్నటి రాయి, దాని మీద వాన నీళ్లు, నీళ్లలో దీపాల మెరుపు. సగం దాకా ఎక్కింది కారు. అక్కడ ఇంజను గర్జించింది, వెనక చక్రాలు గిరగిరా తిరిగాయి, కారు మాత్రం ఉన్నచోటే నిలబడింది. తర్వాత ఆలోచించుకుని వెనక్కి బయల్దేరింది.

"మెల్లగ ఇయ్యి రా."

"బ్రేకు మీదనే ఉన్న నాయినా."

"మరి ఎవడు నడుపుతున్నడు?"

బ్రేకు తొక్కితే చక్రాలు ఆగాయి, బండి ఆగలేదు. పూల కుండీలు రెండు పగలగొట్టి, ర్యాంపుకు అడ్డంగా పడుకుంది. వెనక పెళ్లివారి కార్లు వరసగా ఆగి హారన్లు మొదలెట్టాయి.

నాన్న దిగాడు. అరికాలితో ఆ రాయిని ఒకసారి రుద్ది చూశాడు. "గాట్లు కొడ్తనంటె వద్దన్నరు అప్పుడు. మెరువాలె అన్నరు" అన్నాడు. చెప్పులు విప్పి, ధోవతి పైకి దోపి టవరు వెనక వైపు నడిచాడు. కూలీల షెడ్డు ఎక్కడుండేదో, గోనెసంచులు ఎక్కడ పెడతారో ఆయనకు తెలియనిదా? రెండు సంచులు తెచ్చి, మోకాళ్ల మీద కూర్చుని, వెనక చక్రాల కింద దోపాడు. లేచి వెనక నిలబడి డిక్కీ మీద చేతులు ఆనించాడు.

"ఇగ ఇయ్యి. మెల్లగ."

మెల్లగా అన్నాడు. అసలే కోతి, ఆపై కల్లు తాగింది. వెనక హారన్లు, పైన హాల్లోంచి చూస్తున్న జనం. నేను గట్టిగా తొక్కాను. చక్రాలు ఆ సంచులను లాక్కుని వెనక్కి విసిరాయి. వాటితోపాటు వాన నీళ్లు, కుండీల మట్టి, నాలుగు చేతుల నల్ల పాలిషు. కారు అంగుళం కదల్లేదు. అద్దంలో చూస్తే తెల్ల చొక్కా లేదు.

నేను నవ్వడం ఇక్కడే ఆపేశాను.

పైనుంచి రెండో వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. చేతిలో గోనెసంచితో, నెత్తి నుంచి పాదాల దాకా బురదతో నిలబడ్డ ముసలాయన్ని చూశాడు. "ఏ బుడ్డా, కామ్‌వాలే పీఛే కే గేట్ సే" అన్నాడు. పనివాళ్లు వెనక గేటు నుంచి రావాలట.

నేను దిగి అరిచాను, ఆయన పేరు జాబితాలో ఉంది, యెల్లయ్య మేస్త్రీ అని. వాచ్‌మన్ కింద గేటు వైపు తిరిగి ఆ పేరు అడిగాడు. అక్కడి నుంచి జవాబు వచ్చింది. ఆయన వచ్చేశాడు, టిక్కు పెట్టాను, లోపలికి వెళ్లిపోయాడు.

నాన్న తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. తువ్వాల కూడా నల్లబడింది.

"పోనీ రా. ఎనక గేటు నాకు ఎరికే."

"నాయినా, సాబుకు ఫోన్ చేస్త."

"వద్దు. బిడ్డ నిశ్చయం నాడు గీ బురద ఆయన ఇంట్ల ఎందుకు."

ఆ నాలుగేళ్లూ రోజూ నడిచిన దారినే, అదే వెనక గేటు నుంచి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. ఆ నడక నేను చూశాను. తిట్టి ఉంటే బాగుండేది, ఒక్క దెబ్బ కొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

డ్రైవర్లు నలుగురు కలిసి కారును వాలు వైపు తిప్పారు. కిందికి జారడానికి మాత్రం అది ఎవరి సాయమూ అడగలేదు. రోడ్డు మీద నాన్నను అందుకుని పక్కన ఆపాను. ఆయన ఎక్కలేదు. వంగి వెనక టైరును చూశాడు. గోటితో గీశాడు. వేలి కణుపుతో కొట్టి విన్నాడు.

"దీన్ని ఎట్ల జూసి కొన్నవ్ రా?"

"నువ్వు నేర్పినట్లే నాయినా. గోరు పెట్టి గీసిన, సప్పుడు ఇన్న."

లేచి నిలబడ్డాడు. వాన పడుతూనే ఉంది. ఆ వానకు ఆయన చొక్కా అక్కడక్కడ తెల్లబడుతోంది.

"గది ఇటికెకు రా. ఇటికె ఉన్నకాడనె ఉండాలె, అందుకే గట్టిగుండాలె. ఉరికేది మెత్తగుంటెనె నేలను పట్టుకుంటది" అన్నాడు. తర్వాత చిన్నగా నవ్వాడు. "నీకు నేను నేర్పింది ఒక్కటే విద్దె. గదిగూడ నామీదనె పెట్టినవ్."

మర్నాడు పొద్దున్నే దేశ్‌పాండే సాహెబు ఫోను. రాత్రి పొద్దుపోయేదాకా ఎదురుచూశాడట. నాన్న నావైపు చూడకుండా, వాన మీదికి నెట్టి హిందీలో చెప్పాడు. "బారిష్ థా సాబ్. బస్ నహీ మిలా."

మా చాల్ ముందు ఆరు సిలిండర్ల కారు నిలబడి ఉంది. ఆయనకు బస్సు దొరకలేదు.

ఆ తర్వాత సాహెబు ఇల్లు అమ్ముకుని పుణె వెళ్లిపోయాడు. ఆ గేటు జాబితా ఎవరైనా దాచి ఉంటే, దాని ప్రకారం మా నాన్న ఇప్పటికీ లోపలే ఉన్నాడు.

కనుక, మహాజనులారా, స్టెప్నీ టైరు మీద కుడిచెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో టైరును కణుపుతో కొట్టి వినను. గోటితో గీస్తే, గీత పడినదే కొంటాను. అమ్మేవాడు వద్దంటే, తల వంచుకుని ఇంటికి వస్తాను. మా నాన్న పేరు రాసి ఉన్న ఏ ముందు గేటుకూ ఆయన్ని నా బండిలో తీసుకెళ్లను.

మొదటి మూడు మాటలు నిలుపుకోవడానికి చాలా జాగ్రత్తగా ఉంటున్నాను. నాలుగోదానికి నేనేమీ కష్టపడనక్కర్లేకపోయింది. ఆయన పేరు మళ్లీ ఎవరూ రాయలేదు.